ఇనుము తెలిసిన చేతులకు ఇంజినీరింగ్ చదువు ఎందుకు దూరమైంది?

తెలుగు రాష్ట్రాలలో ఏ పట్టణానికి వెళ్లినా మోటారు వాహనాల మరమ్మతులు జరిగే వీధి ఒకటి ఉంటుంది. అది విజయవాడ ఆటోనగర్ కావచ్చు, హైదరాబాద్ పాతబస్తీ సందు కావచ్చు, కర్నూలు, నిజామాబాద్, గుంటూరు, మహబూబ్‌నగర్ శివార్లలోని రేకుల షెడ్డు కావచ్చు. అక్కడ లేత్ మిషన్ల మీద వంగి పనిచేసేవారిలో, రేడియేటర్లు అతికేవారిలో, లారీల కమాన్ కట్టలు మార్చేవారిలో, టింకరింగ్, వెల్డింగ్ చేసేవారిలో ముస్లిం యువకులు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. అదే పట్టణంలోని ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగపు తరగతి గదిలోకి తొంగిచూస్తే మాత్రం ఆ ముఖాలు పలచబడతాయి. యంత్రాన్ని విప్పి బిగించే చేతులు మనవి. ఆ యంత్రాన్ని రూపొందించి, దాని నమూనా కాగితం మీద సంతకం చేసే అధికారం ఇతరులది.

మెకానికల్ ఇంజినీరింగ్‌ను పిల్లవాడి ఉద్యోగానికి సంబంధించిన ఇంటి విషయంగా చూడటం మనకు అలవాటు. దానిని హక్కుల ప్రశ్నగా చూడవలసిన సమయం వచ్చింది. ఒక సముదాయం తరతరాలుగా ఏ పనిలో చెమటోడ్చిందో, ఆ పనికి సంబంధించిన ఉన్నత విద్యలో దానికి తగిన చోటు లేకపోతే, ఆ పని స్వరూపం మారిపోయే రోజున మొదట వీధిన పడేది ఆ సముదాయమే. మోటారు వృత్తిలో ఆ రోజు ఇప్పటికే మొదలైంది. అందుకే మన కుటుంబాలు, మన సంస్థలు, మన మైనారిటీ కళాశాలలు ఈ చదువును తిరిగి తమదిగా చేసుకోవాలి.

సచార్ నివేదికలో మనం దాటవేసిన పేజీలు

2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ కేంద్ర ప్రభుత్వానికి సమర్పించిన నివేదికను మనం సభలలో తరచుగా ప్రస్తావిస్తాం. అందులో ఉన్నత విద్య, సాంకేతిక విద్య గురించిన భాగం మీద మాత్రం అంతగా చర్చ జరగలేదు. దేశంలో ఇరవై ఏళ్లు, ఆపై వయసున్న జనాభాలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిసి సుమారు 7 శాతం ఉంటే, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువని ఆ కమిటీ జనగణన ఆధారంగా చెప్పింది. పేరున్న కళాశాలలలో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ స్థాయిలో ప్రతి 50 మందిలో ఒక్కరు ముస్లింలని లెక్క తేల్చింది. సాంకేతిక విద్య పొందినవారు మొత్తం జనాభాలోనే ఒక శాతం దగ్గర ఉంటే, ముస్లింలలో అది దాదాపు లేనట్టేనని పేర్కొంది. ముస్లిం శ్రామికులు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగాను, చేతివృత్తులు, చిన్న తయారీ, చిల్లర వ్యాపారం వంటి స్వయం ఉపాధి రంగాలలో ఎక్కువగాను ఉన్నారని కూడా ఆ నివేదికే చెప్పింది.

ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చదవాలి. పనితనం ఉంది, ఆ పనితనానికి గుర్తింపునిచ్చే చదువు లేదు. ఇరవై ఏళ్ల అనుభవమున్న ఒక లేత్ పనివాడు బ్యాంకుకు రుణం కోసం వెళితే అతని అనుభవానికి కాగితం ఉండదు. ఒక పెద్ద పరిశ్రమ విడిభాగాల తయారీని బయటివారికి అప్పగించేటప్పుడు కొలతల పత్రాలు, నాణ్యతా ధ్రువీకరణలు అడుగుతుంది. అవి చూపలేని కార్ఖానా మరొకరి కింద ఉప పనివారిగానే మిగిలిపోతుంది. వస్తువు మన చేతుల మీదుగానే తయారవుతుంది, లాభం మాత్రం కాగితం ఉన్నవారికి చేరుతుంది.

సచార్ నివేదిక తరువాతి కాలంలో మన రాష్ట్రాలలో పరిస్థితి కొంత మారిందన్నది నిజం. 2007 నాటి చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతోంది. బోధనా రుసుం తిరిగి చెల్లించే పథకం తోడై, మునుపెన్నడూ కళాశాల మెట్లెక్కని కుటుంబాల పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరారు. ఈ మార్పు కోసం పోరాడినవారికి మనమంతా రుణపడి ఉన్నాం. అయితే అలా చేరినవారిలో అత్యధికులు కంప్యూటర్ సైన్స్ వైపే నడిచారు. ఆటోనగర్‌కూ విశ్వవిద్యాలయానికీ మధ్య దారి మాత్రం పడలేదు.

ఉస్తాద్ ఇచ్చేది, కళాశాల ఇచ్చేది

ఉస్తాద్-షాగిర్ద్ సంప్రదాయాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇంజిన్ మోతను చెవితో విని ఏ సిలిండర్‌లో లోపముందో చెప్పగల ఉస్తాద్‌లు మనలో ఉన్నారు. కాలిన ఉక్కు రంగును చూసి దానిని ఎప్పుడు నూనెలో ముంచాలో నిర్ణయించగలవారు ఉన్నారు. ఆ జ్ఞానం ఏ ప్రయోగశాలలోనూ సులభంగా దొరకదు. అనేకమంది ఇంజినీరింగ్ పట్టభద్రులు నాలుగేళ్ల చదువు తరువాత కూడా ఒక స్పానర్ సరిగా పట్టుకోలేకపోవడం మన విద్యా వ్యవస్థ వైఫల్యమే.

అయినా ఒక తేడా ఉంది. బేరింగ్ అరిగిపోయిందని ఉస్తాద్ చెబుతాడు, కొత్తది వేస్తాడు. అది ఎంతకాలం మన్నాలో లెక్కగట్టడం ఇంజినీరింగ్ నేర్పుతుంది. బాల్ బేరింగ్ మీద పడే బరువు రెట్టింపయితే దాని ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. వాస్తవంలో అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోయగలిగిన దానికి మించి సరుకెత్తే లారీలో బేరింగులు పదేపదే ఎందుకు పోతాయో ఈ ఒక్క సూత్రం చెబుతుంది. అలాగే తెగిన షాఫ్టును వెల్డింగ్ చేసి, లేత్ మీద సరిచేసి, తిరిగి బిగించడం ఉస్తాద్‌కు తెలుసు. ప్రతిసారీ అదే చోట ఎందుకు తెగుతోందన్నది ఇంజినీరు అడగవలసిన ప్రశ్న. షాఫ్టు మందం హఠాత్తుగా మారే మెట్టు దగ్గర ఒత్తిడి గుమికూడుతుంది. ఆ మూలను పదునుగా వదలకుండా కాస్త గుండ్రంగా తీస్తే షాఫ్టు ఎక్కువ కాలం నిలుస్తుంది. మంచి ఉస్తాద్‌లు కొందరు దీనిని అనుభవంతో గ్రహించారు. ఆ గ్రహింపు వారి షెడ్డు దాటి బయటికి రాలేదు, వారి తరువాత నిలవలేదు. లెక్కగా, బొమ్మగా, నమూనాగా కాగితం మీదికి వచ్చిన జ్ఞానమే పదిమందికి చేరుతుంది, ధర పలుకుతుంది.

ఈ తేడా ఇన్నాళ్లూ బతుకుదెరువును దెబ్బతీయలేదు. ఇప్పుడు తీస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త డీజిల్ వాహనంలో పొగను శుద్ధి చేసే వడపోత వ్యవస్థలు, అడుగడుగునా సెన్సర్లు, వాటిని నడిపే కంప్యూటర్ ఉన్నాయి. చెవితో విని లోపం పట్టుకునే కాలం పోయి, స్కానర్ చూపిన సంకేతాన్ని చదివి అర్థం చేసుకునే కాలం వచ్చింది. ఆ స్కానర్లూ, వాటికి సంబంధించిన సమాచారమూ చాలావరకు కంపెనీ సర్వీసు కేంద్రాల చేతుల్లో ఉన్నాయి. దీనికి తోడు విద్యుత్ వాహనాలు వస్తున్నాయి. విద్యుత్ స్కూటర్‌లో పిస్టన్ లేదు, క్లచ్ లేదు, సైలెన్సర్ లేదు, ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు. ఒక మెకానిక్ దుకాణం రోజువారీ ఆదాయంలో పెద్ద భాగం ఈ పనుల మీదనే ఆధారపడి ఉందన్నది ఆ వృత్తిలో ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు.

అంతమాత్రాన యంత్ర విద్య అంతరించిపోదు. బ్రేకులు, సస్పెన్షన్, చక్రాలు, చట్రం విద్యుత్ వాహనంలోనూ ఉంటాయి. బ్యాటరీ వేడెక్కకుండా చూడటం పూర్తిగా ఉష్ణశాస్త్రానికి సంబంధించిన పని. అది మెకానికల్ ఇంజినీరింగ్‌లో మూల పాఠం. బరువు తగ్గించి బలం నిలిపే కొత్త లోహాలు, వాటిని అతికే కొత్త వెల్డింగ్ పద్ధతులు కూడా ఈ శాస్త్రంలోనివే. ఉన్న పని పోవడం లేదు, రూపం మార్చుకుంటోంది. మారిన రూపాన్ని అందుకోవడానికి షెడ్డులో నేర్చినది ఒక్కటే సరిపోదు.

అందరూ వదిలిపోతున్న చోట మనకో తలుపు

నేడు ఇంజినీరింగ్ ప్రవేశాల తీరు అందరికీ తెలిసినదే. కన్వీనర్ కోటా సీట్లలో సింహభాగం కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ శాఖలవే. ఒక శాఖలో ఇన్ని సీట్లకు మించరాదన్న పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2024-25 నుంచి తొలగించిన తరువాత ఈ ధోరణి మరింత పెరిగింది. ప్రైవేటు కళాశాలలు సివిల్, మెకానికల్ సీట్లను తగ్గించుకుని, కొన్ని చోట్ల ఆ శాఖలనే మూసివేసి, కంప్యూటర్ సీట్లను పెంచుకున్నాయి.

తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగినదే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో తొలి జీతం ఎక్కువ, ప్రాంగణ నియామకాలు ఎక్కువ. మెకానికల్ చదివినవారిలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్‌లోనే చేరడం మన కళ్ల ముందు జరుగుతోంది. ఫ్యాక్టరీలో చేరినవారికి మొదటి రెండు మూడేళ్లు జీతం స్వల్పంగానే ఉంటుంది. షిఫ్టులు ఉంటాయి, ఊరు విడిచి వెళ్లవలసి రావచ్చు. వీటిని దాచిపెట్టి పిల్లలను ఈ చదువు వైపు పంపడం అన్యాయం.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. కంప్యూటర్ సైన్స్ సీట్లు లక్షల సంఖ్యకు చేరినప్పుడు, సాధారణ కళాశాలలో సాధారణ మార్కులతో బయటికి వచ్చిన పేద విద్యార్థికి ఆ ఉద్యోగాలు అందుతాయన్న హామీ లేదు. ఇక ప్రభుత్వ రంగాన్ని చూస్తే, యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్-టెలికమ్యూనికేషన్ అనే నాలుగు విభాగాలకే ఉంది. కంప్యూటర్ సైన్స్‌కు అందులో ప్రత్యేక విభాగం లేదు. ఎన్.టి.పి.సి. వంటి ప్రభుత్వ రంగ సంస్థలు గేట్ స్కోరు ఆధారంగా మెకానికల్ పట్టభద్రులను ఎంపిక చేసుకుంటూ వస్తున్నాయి. గేట్ ద్వారా ఎం.టెక్. సీటు పొందినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం లభిస్తుంది. రైల్వేలలో, విద్యుదుత్పత్తి సంస్థలలో, నీటిపారుదల ఎత్తిపోతల పథకాలలో మెకానికల్ ఇంజినీర్ల అవసరం ఉంటూనే ఉంటుంది.

రాతపరీక్ష మనవంటి సముదాయానికి ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పనవసరం లేదు. పరిచయాల మీద, సిఫారసుల మీద, పేరు చూసి తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడే నియామకాలలో మన పిల్లలు ఎదుర్కొనే అవరోధాలు మనకు తెలుసు. జవాబు పత్రం మీద పేరు కనిపించని పరీక్షలో ఆ అవరోధం తగ్గుతుంది. మెకానికల్ శాఖ అటువంటి పరీక్షల తలుపులు ఎక్కువగా తెరుస్తుంది.

మన చుట్టూ ఉన్న పరిశ్రమలను కూడా గమనించాలి. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. ఒకప్పటి అనంతపురం జిల్లాలోని పెనుకొండ సమీపంలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. శ్రీసిటీలో ఇసుజు, ఆదిబట్లలో విమాన భాగాల కర్మాగారాలు, హైదరాబాద్‌లో బి.హెచ్.ఇ.ఎల్., మిధానీ, భారత్ డైనమిక్స్ ఉన్నాయి. జహీరాబాద్, పెనుకొండ ప్రాంతాలలో ముస్లిం జనాభా గణనీయంగా ఉంది. ఆ కర్మాగారాల గోడల పక్కన టీ దుకాణాలు, పంక్చర్ దుకాణాలు పెట్టుకోవడంతో మన పాత్ర ముగిసిపోకూడదు.

దారి ఎక్కడుంది?

మెకానికల్ ఇంజినీరింగ్‌లోకి వెళ్లే దారి ఇంటర్మీడియట్ ఎం.పి.సి., ఆపై ప్రవేశ పరీక్ష ఒక్కటే అని అనేక కుటుంబాలు భావిస్తాయి. ఇంటర్ రెండేళ్లకు ప్రైవేటు కళాశాలలు అడిగే మొత్తం విని అక్కడే ఆగిపోతాయి. పేద కుటుంబానికి అంతకన్నా అనువైన దారి వేరే ఉంది. పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల మెకానికల్ డిప్లొమాలో చేరవచ్చు. రుసుం స్వల్పం. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో ప్రవేశం దొరుకుతుంది. ఇంటర్ మీదుగా వెళ్లినా ఆరేళ్లే, డిప్లొమా మీదుగా వెళ్లినా ఆరేళ్లే. రెండో దారిలో మాత్రం మూడేళ్లకే చేతిలో ఒక అర్హత పత్రం ఉంటుంది. ఇంట్లో కష్టం వచ్చి చదువు ఆపవలసి వచ్చినా ఆ పత్రంతో ఉద్యోగం చూసుకోవచ్చు.

పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, డీజిల్ మెకానిక్ వంటి వృత్తులు నేర్చినవారికి కూడా డిప్లొమాలోకి వెళ్లే మార్గం ఉంది. డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్నవారి కోసం పని వేళలకు అనువుగా బి.టెక్. తరగతులు నడపడానికి సాంకేతిక విద్యామండలి 2023-24 నుంచి కళాశాలలకు అనుమతిస్తోంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనూ కడపలోనూ పాలిటెక్నిక్‌లు నడుపుతోంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద పట్టభద్రులు, డిప్లొమాదారులు పరిశ్రమలలో ఒక సంవత్సరం స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు. తండ్రి షెడ్డు చేతినేర్పును ఇచ్చింది. ఈ శిక్షణ పరిశ్రమ క్రమశిక్షణను నేర్పుతుంది. రెండూ ఉన్న యువకుడికి సాటి ఎవరు?

ధ్రువపత్రాల విషయంలో ప్రతి సంవత్సరం కౌన్సెలింగ్ సమయంలో మన పిల్లలు నష్టపోతున్నారు. బి.సి.-ఇ పరిధిలోకి వచ్చే కుటుంబాలు కుల ధ్రువపత్రాన్ని పదో తరగతిలోనే తీసుకుని ఉంచుకోవాలి. దూదేకులవారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బి.సి.-ఇ పరిధిలో లేవు. ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి ఉన్నవారు 2019 నుంచి అమలులోకి వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటాను వినియోగించుకోవచ్చు. ఈ విషయం తెలియక ఓపెన్ కోటాలోనే సీటు కోసం పోటీ పడి వెనుదిరిగే పిల్లలు ఉన్నారు. ప్రతి మసీదు కమిటీ మే నెలలో ఒక శుక్రవారం ఈ పది వాక్యాల సమాచారం ప్రకటిస్తే చాలు, కొన్ని కుటుంబాల తలరాత మారుతుంది.

మన అమ్మాయిల సంగతి

మెకానికల్ అనగానే అది మగపిల్లల చదువని మనం తీర్మానించేస్తాం. నేడు ఈ రంగంలో పని చాలావరకు కంప్యూటర్ తెర మీద జరుగుతోంది. యంత్ర భాగాల నమూనాలు గీయడం, అవి ఎంత భారం తట్టుకుంటాయో విశ్లేషించడం, నాణ్యతను పరీక్షించడం, బోధన, పరిశోధన, ఇవన్నీ అమ్మాయిలు సమర్థంగా చేస్తున్న పనులు. వర్క్‌షాప్ తరగతుల గురించి తల్లులకు ఒక సందేహం ఉంటుంది. లేత్ వంటి తిరిగే యంత్రం దగ్గర వేలాడే వస్త్రం ఎవరికైనా ప్రమాదమే. అబ్బాయిలు కూడా చొక్కా చేతులు బిగించుకుని, ఏప్రాన్, బూట్లు ధరించి పనిచేయాలి. తలను కప్పుకునే వస్త్రాన్ని బిగుతుగా చుట్టి, ఏప్రాన్ లోపలికి మడిచి పనిచేయడానికి ఏ భద్రతా నియమమూ అడ్డు రాదు. హిజాబ్‌నూ వర్క్‌షాప్‌నూ పరస్పరం ఎదురు నిలబెట్టవలసిన అవసరం లేదు.

సాంకేతిక విద్యామండలి అమలు చేస్తున్న ప్రగతి ఉపకార వేతనం కింద డిప్లొమా, డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరి ఎంపికైన అమ్మాయిలకు ఏటా 50,000 రూపాయలు లభిస్తాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు మించకూడదు. ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు. దరఖాస్తు చేసే అమ్మాయిల సంఖ్య మన వీధులలో పెరగాలి.

ఇక్కడ అబ్దుల్ కలాం జీవితంలోని ఒక విషయం గుర్తు చేసుకోవాలి. రామేశ్వరం నుంచి వచ్చిన ఆ యువకుడికి మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ సీటు దొరికినప్పుడు ప్రవేశ రుసుం కట్టే స్థోమత ఇంటికి లేదు. అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువపెట్టి డబ్బు సమకూర్చింది. ఆ తమ్ముడే 1982లో హైదరాబాద్‌లోని డి.ఆర్.డి.ఎల్. సంచాలకుడై దేశ క్షిపణి కార్యక్రమాన్ని నడిపాడు. మన ఇళ్లలో బంగారం పెళ్లిళ్లకు కుదువకు వెళుతోంది, విందులకు వెళుతోంది. చదువుకు వెళ్లిన బంగారం ఏమి తెచ్చిందో ఈ ఉదాహరణ చెబుతుంది. అక్క గాజులతో తమ్ముడు చదివాడు. అక్కలే చదివే రోజు కూడా రావాలి.

బాధ్యత ఎవరిది?

మొదటి బాధ్యత ప్రభుత్వాలది. బోధనా రుసుం బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా కళాశాలలు ఆ భారాన్ని విద్యార్థుల మీదికి నెడుతున్నాయి. చదువు పూర్తయినా రుసుం కట్టేదాకా ధ్రువపత్రాలు ఇవ్వని సందర్భాలు సామాన్యమయ్యాయి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ, సాంకేతిక విద్యామండలి స్పష్టంగా ఆదేశించాయి. ఆ ఆదేశాన్ని అమలు చేయించే యంత్రాంగం జిల్లా స్థాయిలో ఉండాలి. ఇక కేంద్ర ప్రభుత్వం 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ప్రీమెట్రిక్ ఉపకార వేతనాలను నిలిపివేసింది. అదే సంవత్సరం చివర పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపివేసింది. ఒకటి నిచ్చెన మొదటి మెట్టు, మరొకటి చివరి మెట్టు. రెంటినీ తీసివేసి మధ్య మెట్ల గురించి మాట్లాడటం న్యాయం కాదు. వీటి పునరుద్ధరణ మన నిరంతర డిమాండ్‌గా ఉండాలి.

రెండో బాధ్యత మైనారిటీ విద్యాసంస్థలది. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కునిచ్చింది. హైదరాబాద్‌లో ముఫఖ్ఖంజా కళాశాల 1980లో, దక్కన్ కళాశాల 1984లో ఆ హక్కు పునాది మీదనే వెలిశాయి. ఎందరో ముస్లిం యువకులను ఇంజినీర్లుగా తీర్చిదిద్దాయి. ఆ హక్కు సముదాయం కోసం ఇచ్చినది. చేరేవారు తక్కువ కదా అని మెకానికల్ శాఖను మూసివేసి, వర్క్‌షాప్ యంత్రాలను అమ్మి, ఆ గదులలో కంప్యూటర్లు పెట్టడం వ్యాపార లెక్కకు సరిపోవచ్చు, 30వ అధికరణ స్ఫూర్తికి సరిపోదు. మైనారిటీ కళాశాలలు కనీసం ఒక మెకానికల్ విభాగాన్ని సజీవంగా నిలుపుకోవాలి. దానికి ఆటోనగర్‌తో సంబంధం కలపాలి. ఉస్తాద్‌లను నెలకొకసారి వర్క్‌షాప్‌కు పిలిచి గౌరవంగా పాఠం చెప్పించాలి. విద్యార్థుల ప్రాజెక్టులను షెడ్డులలోని నిజమైన సమస్యల మీద చేయించాలి. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రాజెక్టు నివేదికలతో వచ్చే పట్టాకు పరిశ్రమలో విలువ లేదు.

మూడో బాధ్యత మనది. డిప్లొమా నుంచి బి.టెక్. రెండో సంవత్సరంలోకి వచ్చే పిల్లలు చేతిపనిలో ముందుంటారు, గణితంలో తడబడతారు. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ వంటి పాఠాలు ఇంగ్లీషులో విని బెదిరిపోతారు. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పగానే చదువు మానేసేవారున్నారు. ఆ దశలో ఆరు నెలలు సాయంత్రం పూట గణితం చెప్పేవారు దొరికితే వారు నిలదొక్కుకుంటారు. ప్రతి పట్టణంలో పదవీ విరమణ చేసిన ముస్లిం ఇంజినీర్లు, అధ్యాపకులు ఉన్నారు. మసీదు అనుబంధ గదులు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి. బైతుల్ మాల్ నిధులు ఉన్నాయి. ఈ మూడింటినీ కలపడానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు. అలాగే పద్నాలుగేళ్లు నిండని పిల్లవాడిని షెడ్డులో పనికి పెట్టడం చట్టరీత్యా నేరం. మన సముదాయంలో అది ఇకనైనా ఆగాలి. పదో తరగతి పాసైన పిల్లవాడిని సెలవు రోజుల్లో షెడ్డులో నేర్చుకోనిచ్చి, మిగతా రోజులు పాలిటెక్నిక్‌కు పంపే ఉస్తాద్ ఈ కాలపు నిజమైన గురువు.

కాగితం మీదికి వచ్చిన విద్య

మన చరిత్రలోని ఒక యంత్రకారుడిని ఇక్కడ తలచుకోవడం సముచితం. పన్నెండో శతాబ్దం చివర, నేటి తుర్కియేలోని దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఇస్మాయిల్ అల్ జజరీ అనే ఉస్తాద్ ఉండేవాడు. నీటి గడియారాలు, నీళ్లు తోడే యంత్రాలు స్వయంగా తయారుచేసేవాడు. పాలకుడి కోరిక మీద 1206లో ఆ యంత్రాలన్నిటినీ బొమ్మలతో, కొలతలతో, తయారీ క్రమంతో ఒక గ్రంథంగా రాశాడు. గుండ్రని చలనాన్ని ముందువెనుకల చలనంగా మార్చే క్రాంక్ అమరికతో అతడు చేసిన రెండు సిలిండర్ల పంపును చరిత్రకారులు నేటికీ అధ్యయనం చేస్తున్నారు. నేటి ఆటోనగర్‌లో మనవాడు సానబట్టే క్రాంక్ షాఫ్టు మూలసూత్రం అదే. అతని కాలంలో చేతినేర్పు గల ఉస్తాద్‌లు ఇంకెందరో ఉండి ఉంటారు. జజరీ పేరు మిగలడానికి కారణం అతడు తన చేతిపనిని చదువుగా మార్చడమే.

మన నేల మీద కూడా ఆ ప్రయత్నం జరిగింది. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1929లోనే ఇంజినీరింగ్ కళాశాలను నెలకొల్పింది. ఆధునిక శాస్త్రాలను స్థానిక ప్రజల భాషలోకి తేవడానికి అనువాద సంస్థనే నిర్మించింది. ఇనుము పేరుతో ఒక సూరా ఉన్న గ్రంథం మనది. దావూద్ (అలైహిస్సలాం) చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాలు చేసే విద్యను ఆయనకు నేర్పాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. లోహపు పనిని తక్కువ పనిగా చూసే దృష్టి మన ధర్మంలో లేదు. చుట్టూ ఉన్న సమాజం నుంచి మనం దానిని అరువు తెచ్చుకున్నాం.

ఈ ఏడాది పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మెకానిక్ ఇంట్లో, వెల్డర్ ఇంట్లో, లారీ డ్రైవర్ ఇంట్లో ఒక నిర్ణయం జరుగుతుంది. పిల్లవాడి చేతికి స్పానర్ ఇవ్వాలా, పుస్తకం ఇవ్వాలా అని ఆ ఇల్లు తర్జనభర్జన పడుతుంది. మెకానికల్ ఇంజినీరింగ్ రెండూ ఇస్తుంది. పాలీసెట్ దరఖాస్తు, కుల లేదా ఆదాయ ధ్రువపత్రం, దగ్గరలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ చిరునామా, ఈ మూడూ ఆ ఇంటి గడప దగ్గరికి తీసుకువెళ్లే కార్యకర్త ప్రతి మొహల్లాలో ఒక్కరుంటే, ఆరేళ్ల తరువాత ఆ మొహల్లా నుంచి ఇంజినీర్లు బయటికి వస్తారు.